ఈల వేసేవారు లేని ఆట: అల్టిమేట్ ఫ్రిస్బీపై మీ ప్రశ్నలు

కళాశాల క్రీడల గురించి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో అల్టిమేట్ ఫ్రిస్బీ ప్రస్తావన కొంతకాలంగా పెరుగుతోంది. రాసేవారిలో ఎక్కువమంది బెంగళూరులో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారు. చెన్నై నుంచి రాసేవారూ ఉన్నారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఆటకే కేటాయిస్తున్నాను.

ఆట తెలియని వారి కోసం ముందుగా నాలుగు మాటలు. జట్టుకు ఏడుగురు చొప్పున, 100 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో ఆడతారు. రెండు చివర్లలోనూ 18 మీటర్ల లోతున ఎండ్ జోన్లు ఉంటాయి. 175 గ్రాముల డిస్క్‌ను ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటూ వెళ్ళి, ప్రత్యర్థి ఎండ్ జోన్‌లో తమ జట్టువారు పట్టుకుంటే ఒక పాయింటు వస్తుంది. డిస్క్ చేతిలో ఉన్నవారు పరుగెత్తకూడదు. ఒక కాలిని నేల మీద కదపకుండా ఉంచి రెండో కాలితో అటూ ఇటూ తిరగవచ్చు. ఎదురుగా నిలబడి అడ్డుకునే మార్కర్ బిగ్గరగా పది లెక్కపెట్టేలోగా విసిరేయాలి. డిస్క్ నేలను తాకినా, మైదానం దాటి పడినా, ప్రత్యర్థి పట్టుకున్నా అది అవతలి జట్టు సొత్తవుతుంది. ఆట సాధారణంగా 15 పాయింట్లకు సాగుతుంది. అంతర్జాతీయ సమాఖ్య నిర్వహించే ప్రపంచ పోటీల్లో సైతం తీర్పు చెప్పే రిఫరీ ఉండరు. ఫౌల్ జరిగిందో లేదో ఆటగాళ్ళే తేల్చుకోవాలి. మొదటి ఉత్తరం ఆ సంగతి గురించే వచ్చింది.

ప్రశ్న: నమస్కారమండీ. మాది అనంతపురం. బెంగళూరులో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఊళ్ళో కబడ్డీ ఆడేవాణ్ణి, ఇక్కడికి వచ్చాక కళాశాల అల్టిమేట్ జట్టులో చేరాను. ఈ మధ్య ఒక టోర్నమెంటు సెమీఫైనల్లో, స్కోరు సమానంగా ఉండగా, చివరి పాయింటుకు నేను ఎండ్ జోన్‌లో డిస్క్ పట్టాను. నన్ను కాస్తున్న కుర్రాడు తనను నెట్టానంటూ ఫౌల్ అన్నాడు. నేను నెట్టలేదని చెప్పాను. డిస్క్ వెనక్కి వెళ్ళింది, తర్వాతి విసురు తప్పింది, ఓడిపోయాం. రిఫరీ లేకపోతే అబద్ధం ఆడినవాడిదే గెలుపు కదా? ఏడాదంతా కష్టపడి, చివరికి ఎదుటివాడి నిజాయితీ మీద ఆధారపడటం న్యాయమేనా?

జవాబు: మీ బాధ నాకు అర్థమవుతోంది. నిబంధన ప్రకారమే అంతా జరిగిందని చెప్పినంత మాత్రాన అది తగ్గదని కూడా తెలుసు. అయినా ముందు నిబంధన సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు దాని నిర్మాణంలోనే ఉంది. పట్టేటప్పుడు మీరే అతణ్ణి నెట్టారని అతడు అన్నాడు. మీరు దాన్ని ఒప్పుకుని ఉంటే డిస్క్ అవతలి జట్టుకు వెళ్ళేది. మీరు కంటెస్ట్, అంటే ఒప్పుకోను అన్నారు కనుక అది విసిరిన వారి చేతికే తిరిగి వెళ్ళింది. అంటే, ఇద్దరి మాటా కలవనప్పుడు, ఎవరికీ అభ్యంతరం లేని చివరి స్థితికి ఆటను తీసుకెళ్ళడమే ఈ నిబంధన ఉద్దేశం. అబద్ధం ఆడినవాడు దానివల్ల నేరుగా డిస్క్‌నుగానీ, పాయింటునుగానీ సంపాదించలేడు. మహా అయితే ఆ విసురును మళ్ళీ విసిరించగలడు. చేతికి వచ్చిన పాయింటు మళ్ళీ మొదటికి రావడం మీకు నిజంగానే నష్టం. దాన్ని నేను కాదనను.

అయితే అతడు అబద్ధమే ఆడాడని మీరు ఖాయం చేసుకోవడం మీద నాకు అభ్యంతరం ఉంది. ఇద్దరు మనుషులు కళ్ళు డిస్క్ మీదే పెట్టి ఒకేసారి గాల్లోకి లేచినప్పుడు, ఒంటికి తగిలిన దెబ్బ ఎటువైపు నుంచి వచ్చిందో కచ్చితంగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఎవరికి వారికి ఎదుటివారే వచ్చి తగిలినట్టు అనిపిస్తుంది. అందుకే నిబంధనలు ఆటగాడి మీద కొన్ని బాధ్యతలు పెట్టాయి: తాను చూసింది క్లుప్తంగా చెప్పాలి, ఎదుటివారికి చెప్పే అవకాశం ఇవ్వాలి, ఆ క్షణాన్ని బాగా చూడగలిగిన చోట ఉన్నవారిని అడగాలి. మైదానం బయట నిలబడిన వారు ఆటగాళ్ళు అడిగితేనే తాము చూసింది చెప్పవచ్చు. అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. ఆ తాకిడి వల్ల ఫలితం మారి ఉండేదనుకున్నప్పుడే ఫౌల్ అనాలి. కాబట్టి మీరు అతణ్ణి, ‘నేను తగలకపోయి ఉంటే డిస్క్ మీకు అందేదా?’ అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు చాలామంది ఒక క్షణం ఆలోచించి, అందేది కాదని ఒప్పుకుని, తమ మాట వెనక్కి తీసుకుంటారు. అలా వెనక్కి తీసుకోవడానికి నిబంధనల్లో వీలుంది. తమ జట్టువాడు పొరపాటుగా ఫౌల్ అన్నప్పుడు అతనికి ఆ సంగతి చెప్పడం కూడా ఆటగాళ్ళ బాధ్యతేనని అవే నిబంధనలు చెబుతున్నాయి.

ఇవేవీ మీ సెమీఫైనల్లో జరగలేదని మీ ఉత్తరాన్ని బట్టి నాకనిపిస్తోంది. అతడు ఫౌల్ అన్నాడు, మీరు కాదన్నారు, డిస్క్ వెనక్కి వెళ్ళింది. మన కళాశాల జట్లు చాలావరకు ఇలాగే చేస్తాయి. విసరడానికి వారానికి ఇన్ని గంటలు, పరుగుకు ఇన్ని గంటలు అని లెక్క వేసుకుంటాయి గానీ, వివాదాన్ని తేల్చుకోవడం కూడా సాధన చేస్తేనే వచ్చే నైపుణ్యమని గుర్తించవు. తమలో తాము ఆడుకునేటప్పుడు మనవాళ్ళేలే అని ఫౌళ్ళను వదిలేసి, ట్రావెల్‌ను (డిస్క్ చేతిలో ఉండగా నిలిపిన కాలు కదపడాన్ని) పట్టించుకోకుండా, పిక్ (ప్రత్యర్థిని కాస్తున్నవారి దారికి మరొకరు అడ్డుపడటం) అంటే ఏమిటో సరిగ్గా తెలుసుకోకుండా ఏడాది గడిపిన ఆటగాడు, మొట్టమొదటిసారి గట్టిగా ఫౌల్ అనేది టోర్నమెంటులో, స్కోరు సమానంగా ఉన్నప్పుడు, ఊపిరి అందని స్థితిలో. అప్పుడు గొంతు పెరుగుతుంది, మాట తడబడుతుంది. నా సలహా ఏమిటంటే, సాధనలో ఆడే ప్రతి ఆటనూ అసలు నిబంధనలతోనే ఆడండి. స్నేహితుడి మీదైనా ఫౌల్ అయితే ఫౌల్ అనండి. ఇద్దరూ చెరొక వాక్యంలో తమ మాట చెప్పి వెంటనే ఆట మొదలుపెట్టడం అలవాటు చేసుకోండి. వారానికొక రోజు నిబంధనల్లో ఒకే ఒక అంశం తీసుకుని, మైదానంలో నిలబడి చేసి చూసుకోండి. గదిలో కూర్చుని చదివితే అది ఒంటబట్టదు.

ఆట తర్వాత ప్రత్యర్థి జట్టుకు ఇచ్చే స్పిరిట్ మార్కుల, అంటే వారు ఎంత నిజాయితీగా, మర్యాదగా ఆడారో చెప్పే మార్కుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. నిబంధనల పరిజ్ఞానం, ఫౌళ్ళు, దేహస్పర్శ, నిష్పాక్షికత, సానుకూల వైఖరి, మాట్లాడుకునే తీరు అన్న అంశాలకు సంబంధించి ఐదు పద్దులుంటాయి. ఫౌళ్ళూ దేహస్పర్శా కలిపి ఒకే పద్దు. ఒక్కోదానికి సున్నా నుంచి 4 వరకు మార్కులు. మామూలుగా, మర్యాదగా సాగిన ఆటకు ఒక్కోదానికి 2 చొప్పున 20కి 10 వస్తుంది, అది మంచి మార్కే. గెలిచిన ఆనందంలో అందరికీ 18 ఇవ్వడం, ఓడిన కోపంలో 5 ఇవ్వడం, రెండూ ఆ పద్ధతినే పాడుచేస్తాయి. మీరు ఆ రోజు ఎన్ని ఇచ్చారో రాయలేదు. ఆ సంఘటన గురించి రెండు వాక్యాలు అందులో రాసి ఉంటే, ఆ జట్టు స్పిరిట్ కెప్టెన్ (జట్టు ప్రవర్తన బాధ్యత చూసేవారు) దాన్ని తన ఆటగాడితో మాట్లాడి ఉండేవారు. ఆట మధ్యలోనే పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే, ఇరు జట్ల స్పిరిట్ కెప్టెన్లు స్పిరిట్ టైమౌట్ తీసుకుని అందరినీ ఒకచోట కూర్చవచ్చు.

ఇక న్యాయమా అన్నారు. ఈ ఆట 1968లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, మేపుల్‌వుడ్ ఊరిలోని కొలంబియా హైస్కూల్ విద్యార్థుల చేతుల్లో పుట్టింది. వారు బడి పార్కింగ్ స్థలంలో ఆడుకున్నారు. 1972 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాల మధ్య తొలి అంతర విశ్వవిద్యాలయ పోటీ జరిగింది. ఇప్పుడు అమెరికాలో టిక్కెట్లు పెట్టి ఆడించే లీగులో రిఫరీలు ఉన్నారు. అక్కడ అది అవసరమే కావచ్చు. కళాశాల జట్లకు మాత్రం రిఫరీ రాకూడదనే నేను గట్టిగా అనుకుంటున్నాను. రిఫరీ ఉన్నచోట, ఆయన చూడకపోతే తప్పు కాదన్న లెక్క ఆటగాడికి తొందరగా అలవాటవుతుంది. కబడ్డీలో రైడర్ తనను తాకాడని తెలిసి కూడా అంపైర్ చూడలేదని నిలబడ్డ డిఫెండర్లను మీరూ చూసే ఉంటారు.

ప్రశ్న: మారతహళ్ళిలో ఉంటున్నాం. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. కళాశాల మిక్స్‌డ్ జట్టులో ఆడుతోంది. శని, ఆదివారాలు మైదానంలోనే ఉంటుంది. ఇప్పుడు వేరే ఊళ్ళో టోర్నమెంటు అంటోంది. మగపిల్లలతో కలిసి ఆడించడం ఏమిటని మా బంధువులు అడుగుతున్నారు. నాకు ఆ భయం కంటే దెబ్బల భయం ఎక్కువ. మోకాళ్ళు పోతాయని ఎవరో చెప్పారు. పంపమంటారా?

జవాబు: అమ్మా, మిక్స్‌డ్ ఆటలో ఏడుగురిలో ఒక పాయింటుకు నలుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు ఉంటే మరో పాయింటుకు నలుగురు అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిలు ఉంటారు. సాధారణంగా అమ్మాయిని అమ్మాయే కాస్తుంది. ఒకరినొకరు తోసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. 2001 నుంచి వరల్డ్ గేమ్స్‌లో ఈ ఆటను స్త్రీ పురుషులు కలిసిన జట్లతోనే ఆడిస్తున్నారు. మన దేశంలోనూ ఎక్కువ టోర్నమెంట్లు మిక్స్‌డ్‌వే. బంధువులకు ఇంతవరకు చెబితే చాలుననుకుంటాను.

మీరు అమ్మాయిని అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: జట్టులో నీకు డిస్క్ ఎన్నిసార్లు వస్తోంది? చాలా కళాశాల జట్లలో అమ్మాయిలు మైదానమంతా పరుగెత్తి ఖాళీ చోట నిలబడినా, డిస్క్ అబ్బాయిల మధ్యే తిరుగుతూ ఉంటుంది. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. వీలైతే ఒక ఆదివారం వెళ్ళి చూడండి. అమ్మాయిలు కేవలం ఖాళీ చోటికి పరుగెత్తి డిస్క్ అందుకునే కట్టర్లుగానే ఉన్నారా, హ్యాండ్లర్లుగా నిలబడి ఆటను నడిపిస్తున్నారా అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. నడిపిస్తుంటే అది మంచి జట్టు.

మోకాలి భయం అర్థం లేనిది కాదు. ఈ ఆటలో పరుగు మధ్యలో హఠాత్తుగా ఆగి దిశ మార్చడం, ఎగిరి ఒంటికాలి మీద దిగడం ఎక్కువ. మోకాలి లోపలి ఏసీఎల్ అనే బంధనం తెగేది ఎక్కువగా అలాంటప్పుడే, ఎవరూ తగలకుండానే. ఇలాంటి ఆటల్లో అది మగవారి కంటే ఆడవారిలో కొన్ని రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. తెగి శస్త్రచికిత్స జరిగితే, తిరిగి పోటీల్లోకి రావడానికి కనీసం తొమ్మిది నెలలు ఆగడం మేలని వైద్యులు చెబుతారు. అయితే దీన్ని చాలావరకు నివారించవచ్చు. ఫుట్‌బాల్ క్రీడాకారుల కోసం రూపొందించిన ఫిఫా 11 ప్లస్ అనే సన్నాహక వ్యాయామాలు క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు బాగా తగ్గినట్టు అధ్యయనాల్లో తేలింది. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా చూసుకోవడం, తొడ వెనక కండరాలను, నడుమును బలపరచుకోవడం అందులో ముఖ్యం. మీ అమ్మాయి జట్టు ఆటకు ముందు ఇరవై నిమిషాలు ఇందుకు కేటాయిస్తోందా, వచ్చిన వెంటనే డిస్క్ విసరడం మొదలుపెడుతోందా అని అడగండి.

ప్రయాణం విషయంలో మొహమాటపడకుండా అడగండి: తోడుగా ఎవరు వస్తున్నారు, బస ఎక్కడ, అమ్మాయిలకు విడిగా గది ఉందా, దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, హాజరు కోసం కళాశాల ఉత్తరం ఇచ్చిందా. వీటికి కెప్టెన్ వెంటనే జవాబు చెప్పగలిగితే పంపండి. చెప్పలేకపోతే, చెప్పగలిగేదాకా ఆగమనండి. అది ఆ పిల్లలకూ మేలే.

ప్రశ్న: ఇది ఒలింపిక్స్‌లో ఉందా? దీనివల్ల క్రీడల కోటాలో ఉద్యోగం వస్తుందా?

జవాబు: ప్రపంచ ఫ్లయింగ్ డిస్క్ సమాఖ్యకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2015లో పూర్తి గుర్తింపు ఇచ్చింది గానీ, గుర్తింపు వేరు, ఒలింపిక్స్‌లో చోటు వేరు. 2028 లాస్ ఏంజెలెస్ క్రీడలకు అదనంగా చేర్చిన వాటిలో ఇది లేదు. కోటా ఉద్యోగాన్ని దృష్టిలో పెట్టుకుని మాత్రం ఈ ఆట మొదలుపెట్టకండి. ఏ నియామకానికైనా ఆ ప్రకటనలో ఇచ్చిన క్రీడల జాబితాను చదివి నిర్ణయించుకోండి.

ప్రశ్న: నెల్లూరు నుంచి వచ్చి చెన్నై వేలచ్చేరిలో ఉంటున్నాను. వయసు 27. బెసెంట్ నగర్ బీచ్‌లో సాయంత్రాలు ఆడేవారితో కలిశాను. ఆఫీసు దగ్గరి మైదానంలో నేను విసిరిన డిస్క్ నేరుగా వెళ్తుంది. బీచ్‌లో అదే విసురు ఒకసారి పైకి లేచిపోతుంది, ఒకసారి నేలకు కొట్టుకుంటుంది. తప్పు ఎక్కడుంది?

జవాబు: మీ చేతిలో తప్పు పెద్దగా లేదు, మీరు ఇంకా గాలిని చదవడం మొదలుపెట్టలేదంతే. డిస్క్ బొంగరంలా గిరగిరా తిరుగుతున్నంతసేపే నిలకడగా ఉంటుంది, దాని కింద నుంచీ మీద నుంచీ పారే గాలే దాన్ని మోస్తుంది. ఎదురుగాలిలో విసిరితే డిస్క్‌కు తగిలే గాలి వేగం పెరుగుతుంది, దాంతో మోసే బలమూ పెరుగుతుంది. ముందు అంచు కాస్త పైకి లేచి ఉన్నా డిస్క్ ఆకాశంలోకి లేచి వెనక్కి వచ్చేస్తుంది. వెనక నుంచి గాలి వీస్తే ఆ బలం తగ్గి, డిస్క్ తొందరగా నేలకు దిగిపోతుంది. కాబట్టి గాలికి ఎదురుగా విసిరేటప్పుడు ముందు అంచును కొద్దిగా కిందికి వంచి, తక్కువ ఎత్తులో, వీలైనంత ఎక్కువ తిప్పుతో విసరాలి. గాలి వాటున విసిరేటప్పుడు కొంచెం ఎత్తుకు వదలవచ్చు. కొత్తవారు గాలిని గెలవడానికి బలం పెంచుతారు. పెంచవలసింది మణికట్టు తిప్పు.

చెన్నై బీచ్‌లో పక్కగాలి మరీ ముఖ్యం. మైదానాన్ని సాధారణంగా తీరం వెంట పొడవుగా గీస్తారు. మధ్యాహ్నం తర్వాత సముద్రం మీదనుంచి వీచే గాలి దానికి అడ్డంగా వస్తుంది. డిస్క్‌లో గాలి వచ్చే వైపు అంచు పైకి లేచి ఉంటే గాలి దాని పొట్ట కింద దూరి ఎత్తేస్తుంది. ఆ అంచు కిందికి వాలి ఉంటే గాలి వీపు మీద కొట్టి నేలకు అదుముతుంది. మీకు కనిపిస్తున్న రెండు తప్పులూ ఇవే. కుడిచేతివాటం వారి బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి విసిరేది) వేగం తగ్గాక ఎడమకు వాలుతుంది, ఫ్లిక్ (చేతివైపు నుంచే మణికట్టు విదిలించి విసిరేది) కుడికి వాలుతుంది. సముద్రం ఏ చేతి వైపు ఉందో చూసుకుని, ఆ రోజు ఏ విసురు నమ్మదగినదో ముందే తేల్చుకోండి. సముద్రగాలి మొదలుకాని ఉదయం వేళ వెళ్ళి అవే విసుర్లు విసిరి చూస్తే తేడా మీ చేతికే తెలుస్తుంది.

ఇసుక మీద జట్టుకు ఐదుగురే ఉంటారు. మైదానం 75 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు. కాళ్ళకు బూట్లు లేకుండానే చాలామంది ఆడతారు, కాబట్టి ఆటకు ముందు అందరూ వరుసగా నడిచి గాజు పెంకులు ఏరేయడం మానకండి. 27 ఏళ్ళకు మొదలుపెట్టడం ఆలస్యం కాదు. పిక్కలు మాత్రం మొదటి నెలంతా నొప్పి పెడతాయి.

ప్రశ్న: నేను బెంగళూరులో ఒక కళాశాల జట్టు కెప్టెన్ని. మాలో బాగా ఆడే నలుగురిని ఒక క్లబ్బు పిలిచింది. వాళ్ళు వెళితే మా సాధన దెబ్బతింటుందని మిగతావాళ్ళు అలిగారు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్ళనివ్వండి. కళాశాల జట్టుకున్న పెద్ద చిక్కు ఏమిటంటే, నేర్చుకున్నవారు నాలుగేళ్ళకు వెళ్ళిపోతారు, వారితోపాటు వారికి తెలిసినదంతా వెళ్ళిపోతుంది. క్లబ్బులో ముప్పై ఐదేళ్ళవారు, పదేళ్ళుగా ఆడుతున్నవారు ఉంటారు. ఒక్కొక్కరు ఒక్కో చోటును కాచే జోన్ కాపుదలలో డిస్క్ చుట్టూ నిలిచే కప్ ఎలా కదలాలి, ఒక పక్కను మూసి రెండో పక్కకే విసిరేలా మార్కర్ ఫోర్స్ ఇచ్చేటప్పుడు పాదాలు ఎక్కడ ఉండాలి, ఎదురుగాలిలో ఎప్పుడు డిస్క్‌ను దూరంగా విసిరేసి కాపుదలకు దిగాలి అన్నవి వాళ్ళ పక్కన ఆడితేనే తొందరగా వస్తాయి. అయితే ఆ నలుగురితో ముందుగానే ఒక ఒప్పందం చేసుకోండి: వారంలో రెండు రోజులు కళాశాల సాధనకు తప్పనిసరిగా రావాలి, అందులో ఒక రోజు వాళ్ళే జూనియర్లకు నేర్పాలి. రెండు జట్లకూ ఒకే వారాంతంలో టోర్నమెంటు పడితే ఎటు వెళ్ళాలో ఏడాది మొదట్లోనే తేల్చుకుని, క్లబ్బు కెప్టెన్‌కు కూడా చెప్పండి. అలిగినవారికి అసలు కారణం సాధన కాకపోవచ్చు, తమను పిలవలేదన్న బాధ అయి ఉండవచ్చు. వాళ్ళలో ఇద్దరిని హ్యాండ్లర్లుగా తయారుచేసే పని ఇప్పుడే మొదలుపెట్టండి. పెద్దవాళ్ళు లేని రోజున డిస్క్ వాళ్ళ చేతికే వస్తుంది.

ప్రశ్న: కొత్తగా చేరేవారు ఏమేం కొనాలి?

జవాబు: 175 గ్రాముల అల్టిమేట్ డిస్క్ ఒకటి కొనండి, బొమ్మల దుకాణంలో దొరికే పలచటి పళ్ళేలు చేతిని చెడగొడతాయి. గడ్డి మైదానానికి ఫుట్‌బాల్ స్టడ్స్ సరిపోతాయి. బెంగళూరులో గంట లెక్కన అద్దెకిచ్చే కృత్రిమ టర్ఫ్ మీద మాత్రం పొడవాటి స్టడ్స్ వద్దు. పాదం నేలలో ఇరుక్కుని మోకాలు మెలిపడుతుంది. అక్కడికి పొట్టి గుబ్బలున్న టర్ఫ్ బూట్లు తీసుకోండి. ముదురు రంగుది ఒకటి, తెల్లది ఒకటి, రెండు టీ షర్టులు సంచిలో ఉంచుకోండి, ఎందుకంటే సాధనలో ఏ జట్టులోకి పంపుతారో అక్కడికి వెళ్ళాకే తెలుస్తుంది.